పుట్టింటి సంతకం

మార్చి 3

బావమరిదికి,

ఇక్కడ అంతా మామూలే. నీ మోకాలు ఎలా ఉంది? కుట్టుమిషను దగ్గర ఎత్తు స్టూలు వేసుకోమని మీ అక్క చెప్పేది. వేసుకుంటున్నావనుకుంటాను.

వంతెన కేసులో తీర్పు మొన్న వచ్చింది. బస్సు డ్రైవరుకు ఉరిశిక్ష వేశారు. సమ్మె రోజుల్లో సైన్యం లారీలు ఇవతలికి రాకుండా వంతెన మీద బస్సును అడ్డం పెట్టి, తాళంచెవి నదిలోకి విసిరింది ఇతనే. అంబులెన్సు ఆగింది ఆ బస్సు దగ్గరే. గుండెనొప్పితో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే మీ అక్క పోయింది ఆ అంబులెన్సులోనే. కొత్త అల్లర్ల చట్టం ప్రకారం, దారి అడ్డగించడం వల్ల ప్రాణం పోతే ఉరి తప్ప మరో శిక్ష లేదు. ప్రత్యేక కోర్టు కాబట్టి అప్పీలూ లేదు.

ఒక్క దారి ఉంది. రాజు శిక్ష తగ్గించవచ్చు. కానీ ఆయన తనంతట తాను తగ్గించకూడదు. పోయిన మనిషి తరఫున అడగాలి. ఆ మనిషి పెళ్లయిన ఆడది అయితే మెట్టినింటివాళ్లు ఒకరు, పుట్టినింటివాళ్లు ఒకరు ఒకే అర్జీ మీద సంతకాలు పెట్టాలి. చాలా పాత పద్ధతి. ఏ ఒక్క ఇల్లూ లోపాయికారీగా రాజీపడకుండా ఎప్పుడో పెట్టి ఉంటారు.

మెట్టినింటి తరఫున నేను ఉన్నాను. పుట్టినింట్లో మిగిలింది నువ్వు ఒక్కడివే.

అర్జీ ఇందులో పెట్టాను. మూడు వాక్యాలు. నా సంతకం కింద నీ చోటు వదిలాను. ఏప్రిల్ ఆఖరులోగా కోటకు చేరాలని వకీలు చెప్పాడు. మే చివరి ఆదివారం రాజు ఉండాలా వద్దా అని ఓటింగు. వద్దని తేలితే ఇక అడగడానికి మనిషే ఉండడు.

రాజును దించాలని ఇరవై ఏళ్లుగా వాదించిన బావ రాజుకే అర్జీ పెట్టుకున్నాడని నవ్వుకుంటావు. నవ్వుకుని సంతకం పెట్టు.

మీ బావ


మార్చి 9

బావా,

నేను కులాసా. నువ్వు మటుకు కులాసా అని రాయలేదు, మామూలే అని రాశావు. మోకాలు నా మాట వినడం మానేసింది. ఆ స్టూలెక్కితే నేను దర్జీలా కాకుండా బ్యాంకు గుమాస్తాలా ఉంటానని మా కటింగు మాస్టరు నవ్వుతాడు. అందుకని పక్కన పెట్టాను.

అర్జీ చూసి నిజంగానే నవ్వాను. కిరీటాన్ని మ్యూజియంలో పెట్టాలని నువ్వూ, ముందు మీ నోటికి తాళం పెట్టాలని అక్కా. మధ్యలో నేను కంచం ముందు చెయ్యి ఎండబెట్టుకుని కూర్చునేవాణ్ణి. రేడియోలో రాజుగారి మాట వస్తే అక్క లేచి నిలబడేది. నువ్వు పని కట్టుకుని కాళ్లు బారజాపేవాడివి.

"ఆ కాళ్లు ముడుచుకోండి, రాజుగారు మాట్లాడుతున్నారు."

"ఆయనకి నా కాళ్లు కనపడతాయా ఏంటి?"

"నాకు కనపడుతున్నాయిగా!"

ఆ మాటకి నువ్వు ముడుచుకునేవాడివి. రాజుగారి కోసం కాదులే.

సరే, విషయానికొస్తా. సంతకం పెట్టను.

అల్లర్లలో మా షాపు అద్దం పగలగొట్టారు బావా. కోట కాపలావాళ్ల కోసం కుట్టి, బొమ్మలకి తొడిగిన కోట్లు పట్టుకుపోయారు. ఒకడు కెప్టెన్ కోటు తొడుక్కుని కూడలిలో నిలబడి సాయంత్రందాకా ట్రాఫిక్ నడిపాడట. అల్లరిమూకంతా వాడు చెయ్యి చూపిన వైపుకి బుద్ధిగా వెళ్లారట. చూశావా, ఆ కోటుకి ఎంత మర్యాదో! ఆ మర్యాద నా కుట్టుది కాదు, వెనకాల ఉన్న రాజుగారిది. ఆయన్ని తీసేశామంటే అది ఉత్త బట్ట. అప్పుడు ఎవడి దారి వాడిది. ప్రతి వంతెన మీదా ఒక బస్సు.

అందుకే ఒకణ్ణి వేలాడదీయాలంటాను. నేను కసాయివాణ్ణేమీ కాను. దేశం అన్నాక కాస్త భయం ఉండాలి.

ఇంకొకటి. ఆ మూడు వాక్యాల్లో మా అక్కని "మృతురాలు" అన్నావు. వేలికి సూది దిగితే నాకు అలవాటే. ఇది అలవాటు లేని చోట దిగింది.

నీ బావమరిది


మార్చి 14

బావమరిదికి,

"మృతురాలు" వకీలు మాట. అర్జీలో అలాగే రాయాలన్నాడు. రాశాను.

భయం గురించి నా అనుభవం చెబుతాను. ఇన్నేళ్లుగా తూనికలు కొలతల శాఖలో దుకాణాలు తనిఖీ చేస్తున్నాను. తప్పు తూచిన ప్రతిసారీ చిన్న జరిమానా తప్పకుండా పడుతుందని తెలిస్తే దుకాణదారు సరిగ్గా తూస్తాడు. ఎప్పుడో ఎవడో ఒకడికి పెద్ద శిక్ష పడుతుందంటే, ఆ ఒకడు నేను కాదులే అనుకుంటాడు. మీ కూడలిలో జనం కోటు చూసి భయపడలేదు. ట్రాఫిక్ ఎవరో ఒకరు నడపాలి, ఎవరో నడుపుతున్నారు కదా అని నడిచారు. ఆ దొంగ సరిగ్గా నడిపి ఉంటాడు.

మా ఆఫీసులో ప్రతి తూకపు రాయి మీదా కిరీటం ముద్ర వేస్తాం. రాజు పోతే ముద్ర మారుతుంది. కిలో కిలోగానే ఉంటుంది. నేను ఎప్పుడూ చెప్పింది ఇంతే. మీ అక్క ఒప్పుకోలేదు. నువ్వూ ఒప్పుకోవు. దానికీ ఈ అర్జీకీ సంబంధం లేదు.

సంబంధం ఉన్నది వేరు. అంబులెన్సు ఆగినప్పుడు నేను కిటికీలోంచి చూశాను. డ్రైవరు గట్టు దిగి నదిలోకి వెళ్లాడు. పారిపోతున్నాడనుకున్నాను. పారిపోలేదు. నడుంలోతు నీళ్లలో వంగి చేతులతో తడుముతున్నాడు. తాళంచెవి కోసం. జనం బస్సును నెట్టి చూశారు, కదల్లేదు. చివరికి మేం వెనక్కి తిరిగి రోడ్డు కూడా ఉన్న రైలు వంతెన మీదుగా వెళ్లేటప్పుడు కూడా అతను నీళ్లలోనే ఉన్నాడు.

ప్రత్యేక కోర్టు పోలీసుల సాక్ష్యం తప్ప మరొకటి తీసుకోలేదు. నేను వెళ్లి చెబుతానన్నాను. అవసరం లేదన్నారు.

తప్పు చేశాడు. శిక్ష పడాలి. ఇది ఆ తప్పుకు తగిన తూకం కాదు. సంతకం పెట్టు.

మీ బావ


మార్చి 20

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. దానితోపాటే ఆ రోజు పేపరు కూడా వచ్చింది. సమ్మె సంఘంవాళ్లు ఇల్లిల్లూ తిరిగి ఆ డ్రైవరు కోసం అర్జీలు పోగుచేస్తున్నారట. అప్పుడు అర్థమైంది, మీ చేత ఇది ఎవరు రాయించారో. బాగుంది. మీ పార్టీ మీది. కానీ మా అక్కని మీ జెండాకి కర్రగా వాడుకోవద్దని మనవి.

మీరు చదువుకున్నవారు, తూకం తెలిసినవారు. నేను మనసులో ఉన్నది దాచుకోలేని మనిషిని. అందుకని అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. అక్క పోయి వారం తిరక్కుండా మీరు ఆఫీసుకి వెళ్లారు. నేను మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మీ కంట నీటిచుక్క చూడలేదు. వచ్చినవాళ్లకి కుర్చీలు వేశారు, టీలు ఇచ్చారు, ఎవరు ఏ బస్సుకి వెళ్లాలో చెప్పారు. నేను ఊరికి తిరిగొచ్చాక అక్క కళ్లజోడు పోస్టులో పంపారు. పెట్టె విప్పి ఉత్తరం కోసం వెతికాను. ఒక్క ముక్క లేదు. ఇంట్లో అడ్డం వస్తోందని పంపించేశారనుకున్నాను.

ఇప్పుడు ఆమెని చంపినవాడి కోసం మాత్రం రెండు ఉత్తరాలు రాశారు. రెండోది పేజీ నిండా ఉంది.

అర్జీ తిప్పి పంపుతున్నాను. సంతకం లేదు.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ విధేయుడు


మార్చి 26

బావమరిదికి,

"మీరు" అన్నావు. కోపం ఎంతో అర్థమైంది.

నా చేత ఎవరూ రాయించలేదు. సమ్మె సంఘంవాళ్లు వచ్చారు. వాళ్ల కాగితం మీద సంతకం చేయనని పంపేశాను. రాజును అడిగితే ఆయన అధికారాన్ని ఒప్పుకున్నట్టేనని మా వాదం వాళ్లు కూడా నాతో మాట్లాడటం తగ్గించారు. నాకు ఇప్పుడు పార్టీ లేదు.

కళ్లజోడు నీకు పంపింది సూదిలో దారం ఎక్కించుకోవడానికి. మీ ఇద్దరి కంటి పవరూ ఒకటేనని మీ అక్క చెప్పింది. ఆ మాట నీకూ తెలుసనుకున్నాను.

నిన్న డ్రైవరు భార్య ఆఫీసుకు వచ్చింది. బస్‌స్టాండు బయట ఉల్లిపాయలు అమ్ముతుంది. నిరుడు తూకం తక్కువ ఉందని నేనే జరిమానా వేశానట. నాకు గుర్తు లేదు.

"గుర్తుపట్టలేదా సారూ? రాయి అరిగిందని జరిమానా రాశారే, నాకు!"

కూర్చోమన్నాను.

"కూర్చోడానికి రాలేదు. ఆ రోజు మీ కాళ్లావేళ్లా పడ్డాను, తగ్గించలేదు. తర్వాత నోటికొచ్చినట్టు తిట్టాను, పెంచలేదు. రాయి ఎంత అరిగిందో అంతే రాశారు. ఇప్పుడు మా ఆయన్ని కూడా అలాగే చూసి చెప్పండి. ఉరికి సరిపోయేంత అరిగాడా?"

"లేదు."

"మరి ఆ మాట రాజుగారితో చెప్పరేం?"

ఇంకో సంతకం కావాలన్నాను. ఎవరిదంది. నా భార్య తమ్ముడిది అన్నాను. అప్పుడు కూర్చుంది.

"తమ్ముడైతే పెట్టడు సారూ. నాకూ ఉన్నాడొకడు. నన్ను ఎవరన్నా పల్లెత్తు మాటంటే కర్ర తీసుకుని బయల్దేరతాడు. మీ బావమరిదిని ఏమీ అనకండి."

కాసేపు ఉండి వెళ్లిపోయింది. నిన్ను తిట్టలేదు. అది నీకు చెప్పాలనిపించింది.

అర్జీ మళ్లీ పంపుతున్నాను.

మీ బావ


ఏప్రిల్ 4

బావా,

కళ్లజోడు పెట్టుకునే రాస్తున్నాను. ఒక్క ముక్క రాసి పెట్టెలో పడేస్తే నీ సొమ్మేం పోయేది? ఆర్నెల్లు నిన్ను తిట్టుకున్నాను. అందులో సగం వెనక్కి తీసుకుంటున్నాను. తక్కిన సగం ఉంచుకో, ఎప్పుడైనా అక్కరకొస్తుంది.

మొన్న కోటకి పిలిచారు. రాజుగారికి కొత్త కోటు, కొలత సరిచూడాలి. పాత రాజుగారి కొలతలు మా కటింగు మాస్టరు తీసేవాడు. ఈయనవి నేనే. కుర్రవాడే, ముప్పై దాటి ఉండవు. ఈ మధ్య నడుం దగ్గర సన్నబడ్డాడు. ఓటింగు దిగులేమో.

చేతులు చాపి నిలబడి ఉన్నట్టుండి అడిగారు.

"మాస్టారూ, ఈ కోటు ఎన్నాళ్లు వేసుకుంటానంటారు?"

"కుట్టు నాదండి. పదేళ్లకి ఢోకా లేదు."

"నేను అడిగింది కుట్టు సంగతి కాదు."

చటుక్కున నోటి నిండా గుండుసూదులు పెట్టుకుని బతికిపోయాను. కానీ సూదులన్నీ అయిపోయాక నోరు ఊరుకోలేదు. వంతెన కేసులో పోయినావిడ మా అక్కండీ అనేశాను.

ఆయన అద్దంలోంచి నావైపు చూశారు. "మీరు నన్ను అడగడానికి వచ్చారా?"

"లేదండి. కొలతకొచ్చాను."

"అయితే నేను వినకూడదు. రెండిళ్లవాళ్లూ అడిగితేనే వినాలి. ఒక ఇల్లు తయారుగా ఉందని విన్నాను. రెండోది మీదేనన్నమాట."

నా చెయ్యి తప్పి, కోటుకి గుచ్చిన సూది ఆయన భుజంలో దిగింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన మటుకు, "పర్లేదు మాస్టారూ, ఇది ఏ చట్టం కిందికి వస్తుందో ఎవర్నీ అడక్కండి" అని నవ్వారు. తర్వాత నవ్వు ఆపి అన్నారు: "ఉరి కాగితం కూడా నా దగ్గరికే వస్తుంది. సంతకం పెట్టనని అనే హక్కు నాకు లేదు. వద్దని చెప్పే హక్కు మీదీ మీ బావగారిదీ."

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. రాజుగారంటే ఆయన ఏం చెబితే అది అనుకునేవాణ్ణి. ఆయనేమో నా సంతకం కోసం కాచుకుని ఉన్నారు.

బావా, ఇన్నాళ్లూ అడగలేదు, భయపడి. అంబులెన్సులో పక్కన ఉన్నది నువ్వు. అక్క ఏం మాట్లాడింది? నువ్వు చెప్పవు, నేను అడగను. నా అంతట నేనే ఏవేవో అనుకుంటున్నాను. నొప్పికి అరిచి ఉంటుంది. ఆ బస్సువాణ్ణి నోరారా శపించి ఉంటుంది. చెప్పలేకే నువ్వు ఊరుకున్నావని. అక్క శపించినవాణ్ణి వదిలేయమని నేనెలా రాయను?

ఈ కాగితంలో మా అక్క లేదు. అక్క ఉన్న కాగితం పంపు. అప్పుడు చూద్దాం.

నీ బావమరిది


ఏప్రిల్ 11

బావమరిదికి,

అర్జీ మార్చి రాయించాను. మీ అక్క గురించి ఒక పేరా చేర్చమని వకీలుతో చెప్పాను. చేర్చాడు. నీ కోరిక తీరిందనుకుంటాను.

అకాల వానలు పట్టుకున్నాయి. ఆఫీసు గోడ నెమ్ము ఎక్కింది. త్రాసులు రోజూ తుడుచుకోవాలి.

వెంటనే సంతకం పెట్టి పంపు. రోజులు తక్కువ.

మీ బావ


ఏప్రిల్ 16

బావా,

"శాంతస్వభావురాలు, మితభాషిణి, అందరి మన్ననలకు పాత్రురాలు."

ఎవరీవిడ? మీ వకీలుగారి అత్తగారా?

మితభాషిణట! ఆవిడ గొంతు వినపడితే పక్కింటి కుక్క మొరగడం ఆపి వినేది. శాంతస్వభావమట! రైల్లో తన సీట్లో కూర్చున్నాడని మిలటరీ మేజరుని లేపి, ఆయన పెట్టె ఆయన చేతికే ఇచ్చి, దిగేదాకా నిలబెట్టింది ఎవరు? పక్కన తల వంచుకుని పేపరు చదువుకున్నది ఎవరు? ఈ కాగితం కోటకి పంపితే ఇంకెవరో చనిపోయారనుకుని శిక్ష ఇంకెవరికో తగ్గిస్తారు.

నవ్వుతూ రాస్తున్నానని అనుకోకు. నవ్వు రావడం లేదు.

పొగడమని కాదు నేను అడిగింది. ఒక్క ప్రశ్న అడిగాను. దానికి జవాబు రాయకుండా గోడ నెమ్ము గురించి రాశావు. నీ కష్టం నాకు తెలియదనుకోకు. నీ కష్టం నువ్వు లోపల పెట్టుకుని తాళం వేసుకున్నావు. ఉండనీ. కానీ బయట ఒక మనిషి ప్రాణం ఆగి ఉంది, నువ్వే అన్నావు. నాకు తెలియనిదాని మీద నేను సంతకం పెట్టలేను. అక్క వాణ్ణి శపిస్తే శపించిందని రాయి. ఆ మాట కూడా నేను మోస్తాను. ఏం తెలియకుండా మాత్రం మొయ్యలేను.

వకీలు వద్దు. నువ్వు రాయి.

నీ బావమరిది


ఏప్రిల్ 21

బావమరిదికి,

రాస్తున్నాను.

ఈ మాటలు అర్జీలో పెట్టదగ్గవి కావని వకీలు అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. నీకు చెబితే, ఆ సమయంలో ఇదా మాట్లాడింది అని నొచ్చుకుంటావనుకున్నాను. అందుకే చెప్పలేదు. వేరే కారణం లేదు.

మీ అక్క అరవలేదు. నొప్పి ఉంది. నా చెయ్యి పట్టుకుంది. బండి ఆగగానే ఎందుకు ఆగిందని అడిగింది. బస్సు అడ్డం ఉందన్నాను. చూస్తానంది. వద్దన్నాను. మోచేతి మీద లేచి కిటికీలోంచి చూసింది.

"అబ్బ, ఎంత నీటుగా పెట్టాడండీ! ఆ చివర జానెడు, ఈ చివర జానెడు. సైకిలు కూడా దూరదు. అదే మీరైతే పదిసార్లు ముందుకీ వెనక్కీ తిప్పేవాళ్లు."

మాట్లాడవద్దన్నాను.

"మాట్లాడకపోతే తగ్గుతుందా?"

తర్వాత నదిలో మనిషిని చూసింది. అతను ఎవరో, ఏం చేస్తున్నాడో నాకంటే ముందు తనే గ్రహించింది. గట్టు మీద జనం అతని మీద కేకలు వేస్తున్నారు. మాకు వినిపిస్తోంది.

"తాళం పారేసుకున్నవాణ్ణి కసిరితే ఎలా దొరుకుతుంది? కసరొద్దని చెప్పండి. వెళ్లి చెప్పండి మీరు."

వెళ్లలేదు. చెయ్యి వదలలేదు. తను మళ్లీ చెప్పమంది. తర్వాత చెబుతానన్నాను.

బండి తిరిగి రైలు వంతెన మీదికి వచ్చేసరికి మాట్లాడటం లేదు.

అర్జీ మళ్లీ రాశాను, నేనే. ఇదీ:

"నా భార్య నన్ను ఒక మాట చెప్పి రమ్మంది. తాళంచెవి కోసం నదిలో వెతుకుతున్న మనిషిని కసరవద్దని ఆమె మాట. ఆ రోజు నేను వెళ్లి చెప్పలేదు. చెప్పవలసినవారికి ఇప్పుడు చెబుతున్నాను. అతనికి తగిన శిక్ష వేయండి. ప్రాణం తీయవద్దు."

సంతకం పెట్టాలా వద్దా అన్నది నీ ఇష్టం. ఇకమీదట అడగను.

మీ బావ


ఏప్రిల్ 26

బావా,

ఉత్తరం చదివి షాపు తలుపు దగ్గరగా వేసుకున్నాను. కటింగు మాస్టరు వచ్చి ఎవరు పోయారని అడిగాడు. మా అక్క అన్నాను. ఆర్నెల్ల కిందటే పోయింది కదా అన్నాడు. ఆ, ఇప్పుడే తెలిసింది అన్నాను.

"అదే మీరైతే పదిసార్లు తిప్పేవాళ్లు." అది అక్కే. ప్రపంచం మొత్తం వెతికినా ఆ సమయంలో ఆ మాట ఇంకొకరి నోట రాదు. ఇన్నాళ్లూ నా మనసులో ఎవరో అరుస్తూ, ఏడుస్తూ, శపిస్తూ ఉన్న ఆడమనిషిని మోశాను. ఆవిడ మా అక్క కానే కాదు. ఎవరో దారిన పోయే ఆవిడ. దించేశాను.

నేను నొచ్చుకుంటానని దాచావా? చదువు ఎక్కువైతే ఇంతే.

సంతకం పెట్టాను. పోస్టులో వేస్తే ఏ గుమాస్తా సొరుగులో కూర్చుంటుందోనని నేనే పట్టుకెళ్లాను. గేటు దగ్గర కాపలావాడు పలకరించాడు.

"ఏం మాస్టారూ, కొలతలకా?"

"కాదురా, అర్జీకి. ముందు నువ్వు సరిగ్గా నిలబడు, కాలరు వంగింది."

లోపల గుమాస్తా తీసుకుని రెండు సంతకాలూ చూశాడు. "రెండో ఇల్లు ఎవరిదండీ?" అన్నాడు. నాదన్నాను. గట్టిగానే అన్నాను. వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

నా మాట మారిందనుకోకు. అల్లరి చేసేవాళ్లకి భయం ఉండాలనే ఇప్పటికీ అంటాను. వీడొక్కడికి తప్ప. ఇదేం న్యాయం అని నువ్వు అడుగుతావు. నీళ్లలో తడుముతున్నవాణ్ణి మా అక్క చూసింది. నేను చూడని మిగతావాళ్ల సంగతి నాకు తెలియదు.

నువ్వు వెళ్లి చెప్పలేదని బాధపడకు. చెయ్యి వదిలి వెళ్లి ఉంటే నేను జన్మలో నీతో మాట్లాడేవాణ్ణి కాదు.

నీ బావమరిది


మే 19

బావమరిదికి,

రాజు సంతకం చేశాడు. ఉరి రద్దు చేసి పన్నెండేళ్ల జైలు వేశారు. ఎక్కువని వకీలు అన్నాడు. నాకు సరిగ్గానే ఉందనిపించింది. డ్రైవరు భార్యకు చెప్పాను. ఉల్లిపాయలు తూస్తూ వింది. తూకం పూర్తి చేసి, కొనడానికి వచ్చిన మనిషిని పంపించి, అప్పుడు ఏడ్చింది.

నిన్న జైలుకు వెళ్లాను. చెప్పవలసింది ఒకటి మిగిలింది. డ్రైవరు నన్ను చూసి లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కొడతాననుకున్నాడేమో. మీ అక్క అన్న మాటలన్నీ చెప్పాను. కసరవద్దన్న మాట విని తల దించుకున్నాడు. తర్వాత అన్నాడు:

"నీటుగా పెట్టానని అన్నారా ఆవిడ?"

"అంది."

"ఎందుకంత బాగా పెట్టానా అని రోజూ అనుకుంటున్నానండీ. కాస్త వంకరగా పెట్టినా మీ బండి దూరేది."

అది అతను మోయవలసిందే. అందుకే పన్నెండేళ్లు.

వచ్చేటప్పుడు అడిగాడు. "మరి మీరు ఆదివారం రాజుగారికే ఓటేస్తారా?"

"వెయ్యను."

"నేనూ వెయ్యను సారూ. అయినా జైల్లో ఉన్నవాడికి ఓటు లేదులెండి" అన్నాడు. ఇద్దరం కొంచెం నవ్వాం.

నీకూ అదే చెబుతున్నాను. నా ఓటు మారదు. ఒక మనిషి ప్రాణం ఇంకో మనిషి పుట్టుక మీద ఆధారపడకూడదు. కానీ అడిగే చోటు ఒకటి ఉండాలి. రాజు వద్దని తేలితే పనికొచ్చేలా కొత్త రాజ్యాంగం రాస్తున్న సంఘానికి మొన్న ఉత్తరం రాశాను. క్షమ అడిగే హక్కు ఉంచమన్నాను. రెండిళ్ల సంతకం కూడా ఉంచమన్నాను. ఎందుకో కారణం రాయబోయి నాలుగు పేజీలు రాశాను. నమ్మవు. ముసాయిదాలో చేరుస్తారనే నా నమ్మకం.

నువ్వు రాజుకే ఓటు వేస్తావని తెలుసు. వెయ్యి. ఓడిపోతే నన్ను తిట్టడానికి, గెలిస్తే వెక్కిరించడానికి నీకు ఎలాగూ మనిషి కావాలి. ఓటింగు అయ్యాక బయలుదేరి రా.

అంబులెన్సులో మీ అక్క ఇంకా మాట్లాడింది. కొంత నీ గురించి. అవి అర్జీకి అవసరం లేదు, అందుకని రాయలేదు. ఇప్పుడు రాద్దామని కూర్చున్నాను. కాగితం మీదికి రావడం లేదు. నీ ఎదురుగా అయితే చెప్పగలననుకుంటాను. మధ్యలో ఆగితే కసరకు.

మీ బావ